జాబులు – జవాబులు: పక్కవాద్యం మనిషిని ఎక్కడ వెతకాలి?

పాత రేడియో పాట ఎవరు పాడారు, స్పూలు టేపు మిషను బాగుచేసేవాళ్లు ఎక్కడున్నారు, ఫలానా నాటకంలో ఆ ముసలి గొంతు ఎవరిది... నాకు వచ్చే ఉత్తరాలు మామూలుగా ఇలా ఉంటాయి. రెండు ముక్కల్లో జవాబు రాసి పక్కన పెడతాను. ఈసారి తెనాలి నుంచి వచ్చిన ఉత్తరం మాత్రం వారం రోజులు బల్ల మీదే ఉండిపోయింది. జవాబు పొడుగైంది. మిగిలినవాళ్లకు చోటు తగ్గింది, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: నేను రిటైరైన డ్రాయింగు మాస్టార్ని. నా స్నేహితుడు వయొలిన్ విద్వాంసుడు, రేడియో వాళ్లు కళాకారులకు ఇచ్చే గ్రేడుల్లో బి-హై. నలభై ఏళ్లు పక్కవాద్యం వాయించాడు. పోయిన కార్తీకంలో కాలం చేశాడు. సంవత్సరీకం నాటికి రెండు పనులు చేయాలని ఉంది. ఒకటి, వాడి బొమ్మ నిలువెత్తుది గీసి నలుగురిలో పెట్టడం. రెండోది, రేడియోలో వాడి మీద అరగంట కార్యక్రమం. రేడియో కేంద్రానికి వెళ్లి అడిగితే, వెతికి చూసి, ‘ఆయన పేరు మీద మా దగ్గర రికార్డింగులేవీ లేవండీ’ అన్నారు. నలభై ఏళ్లు వాయించినవాడి పేరు మీద ఒక్కటి కూడా లేకపోవడమేమిటి? పోనీ బొమ్మయినా గీద్దామంటే ఇంట్లో ఉన్నవన్నీ సన్మానం ఫొటోలు. శాలువాలు కనపడుతున్నాయి, మనిషి కనపడడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు వేయవద్దన్నారు, తెనాలి

జవాబు: మాస్టారూ, వాళ్లు పేరు మీద వెతికారు. తంటా అంతా అక్కడే ఉంది.

నేను రేడియోలో టేపు లైబ్రరీ మనిషిని. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఏసీ గదిలో కూర్చున్నాను. బయట రోహిణి కార్తె ఎండలు మండిపోతుంటే లోపల నేను స్వెటర్ వేసుకునేవాణ్ని. ప్రతి టేపుకీ ఒక అట్టపెట్టె, ఒక నంబరు, బీరువాలో ఒక కార్డు. కార్డు మీద పైన పెద్ద అక్షరాలతో గాయకుడి పేరు. కింద కీర్తన, రాగం, తాళం, నిడివి. ఆ కింద చోటు మిగిలితే ‘వయొలిన్: ఫలానా, మృదంగం: ఫలానా’. మిగలకపోతే అదీ లేదు. కార్డుల్ని అకారాదిగా పేర్చేది పైన ఉన్న పేరు మీద. కంప్యూటర్లు వచ్చాక ఎక్కించింది కూడా ఆ కార్డుల్లో ఉన్నదే. కాబట్టి మీవాడి పేరు కొట్టి చూస్తే ఏమీ రాదు. మీవాడు ఎవరెవరి పక్కన కూర్చున్నాడో వాళ్ల పేర్లు కొట్టి చూడమనండి.

ఈ సంగతి నాకు తెలిసింది బుద్ధి ఉండి కాదు, తప్పు చేసి.

నాకూ ఉండేవాడు మీవాడిలాంటి స్నేహితుడు. ఆయనదీ ఫిడేలే. స్టేషన్ క్యాంటీన్లో పరిచయం. రికార్డింగు పది గంటలకైతే ఎనిమిదిన్నరకే వచ్చి, రెండు ఇడ్లీలు తిని, చెయ్యి తుడుచుకుంటూ నా గది తలుపు దగ్గర నిలబడి ‘ఇవాళ నేను ఎవరికండీ?’ అని అడిగేవాడు. ‘ఇవాళ ఏం వాయించాలి’ అని ఎన్నడూ అడగలేదు. అవతలివాళ్లు పాడేదాన్ని బట్టే ఈయన పని. కీర్తనలేమిటో మైకు ముందు కూర్చున్నాక తెలిసేది. ఎవరికి అన్నది మాత్రం ముందు తెలియాలి, తీగలు ఎక్కడ బిగించుకోవాలో దాన్ని బట్టి ఉంటుంది గనక.

ఆయన హఠాత్తుగా పోయాడు. మర్నాడు సాయంత్రం ప్రసారానికి పది నిమిషాల నివాళి సిద్ధం చేయమని నాకు చెప్పారు. కార్డులు తీశాను. ఆయన పేరు మీద ఒకే ఒక్క టేపు ఉంది, పదిహేను నిమిషాల సోలో. నంబరు చూసుకుని అరలోంచి తీసి మిషను మీద పెడితే, వరిలో సుడిదోమ నివారణ గురించి ఎవరో వ్యవసాయాధికారి మాట్లాడుతున్నారు. టేపులు చాలని రోజుల్లో పాతవి చెరిపి మళ్లీ వాడేవాళ్లం. ఏవి చెరపవచ్చో జాబితా తయారుచేసి పైకి పంపేది లైబ్రరీ. జాబితా తీయించి చూశాను. అడుగున ఉన్న సంతకం నాదే.

నేను పనిచేసిన కేంద్రం పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే తప్పు కేంద్రానిది అయిపోతుంది.

ఆ సాయంత్రం పది నిమిషాల నివాళిలో ఎనిమిది నిమిషాలు మాటలే నడిచాయి. ‘సంగీత లోకానికి తీరని లోటు’ అన్న వాక్యం ముగ్గురు చెప్పారు. మర్నాటి నుంచి నేను డ్యూటీ అయ్యాక కూర్చుని, గాయకుల కార్డులు ఒక్కొక్కటే తిరగేశాను. ఆయన ఎవరికి వాయించాడో నాకు చాలావరకు గుర్తే, రోజూ తలుపు దగ్గర నన్నే అడిగేవాడు కదా. రెండు వారాల్లో ముప్పై ఏడు టేపులు దొరికాయి. ఒక్కదాని మీద కూడా పైన ఆయన పేరు లేదు.

మాస్టారూ, మీరూ ఇలాగే మొదలుపెట్టాలి. మీవాడి పెట్టె తెరవండి. రేడియోకి బయటి నుంచి వచ్చి వాయించే కళాకారులకు ప్రతి కచేరీకీ ముందు కాంట్రాక్టు కాగితం పంపుతారు. తేదీ, సమయం, నిడివి, పారితోషికం అందులో ఉంటాయి. మన సంగీతం వాళ్లు దేన్నయినా పారేస్తారు గానీ ఆ కాగితాలు పారేయరు. ట్రంకు పెట్టె అడుగున, గుడ్డ సంచిలో, బీమా పత్రాల పక్కన ఉంటాయి. ఆ తేదీలన్నీ ఒక నోటు పుస్తకంలో ఎక్కించండి. తర్వాత, ఆయన డైరీ రాసేవాడా? చాలామంది పక్కవాద్యం వాళ్లు క్యాలెండరు మీదే రాసుకుంటారు. పాల లెక్క పక్కనే ‘సా. 5, రికార్డింగు, ఫలానావారు’ అని. ఇంట్లో పాత క్యాలెండర్లు ఉంటే వాటిని తూకానికి వేయనివ్వకండి. రేడియో వాళ్ల పాత పత్రిక ‘వాణి’ సంచికలు ఏ గ్రంథాలయంలోనైనా దొరికితే, ఆ తేదీన ఏ కచేరీ ప్రసారమైందో చూసుకోవచ్చు. ఈ మూడూ పక్కపక్కన పెడితే ‘ఎవరికి’ అన్నది తేలుతుంది.

ఇంకొకటి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైన తొలి రోజుల్లో కచేరీలు చాలావరకు ప్రత్యక్ష ప్రసారాలే. పాడారు, గాలిలో కలిసింది, అంతే. తర్వాత రికార్డు చేసినవాటిలోనూ అన్నీ మిగల్లేదు, ఎందుకో పైన చెప్పాను. అయితే పెద్దవాళ్ల టేపుల జోలికి సాధారణంగా ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటి పేరు కార్డు మీద ఉందంటే చెరపడానికి ఎవరికీ చెయ్యి రాదు. కాబట్టి మీవాడు అలాంటివాళ్ల పక్కన ఒక్కసారి కూర్చుని ఉన్నా ఆ పూట మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. ముందు ఆ పేర్లు అడగండి.

టేపులు దొరికాయనుకుందాం. వాటిలో మీవాడు ఒక్కడే వినపడేది ఎంతసేపు? మీకు తెలియంది కాదు గానీ పాఠకుల కోసం రాస్తాను. గాయకుడు రాగాలాపన చేసి ఆపాక, అదే రాగాన్ని వయొలిన్ తన వంతు వాయిస్తుంది. పక్కవాద్యం మనిషికి దక్కే సొంత జాగా అది. గంటల తరబడి సాగే కచేరీలో అది పది నిమిషాలు ఉండవచ్చు. రేడియోలో అరగంట కచేరీ అంటే గడియారం ఎదురుగా ఉంటుంది. గాయకుడు నాలుగు నిమిషాలు తీసుకుంటే వయొలిన్‌కు ఒకటిన్నర, మహా అయితే రెండు. ఆ తర్వాత స్వరకల్పనలో, అంటే గాయకుడు అప్పటికప్పుడు అల్లే స్వరాలకు, బదులు చెప్పడం. అంతే.

నేను ఆ ముప్పై ఏడు టేపుల్లో వయొలిన్ ఆలాపన ఉన్న కొన్నింటిలోంచి ఆ ఒకటిన్నర, రెండు నిమిషాల ముక్కలన్నీ వేరే టేపు మీదికి డబ్బింగు చేసుకున్నాను. అసలు టేపును ఎప్పుడూ కొయ్యకూడదు, కాపీనే కొయ్యాలి. బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతుకు టేపు వేసి, ఒకదానికొకటి అంటించాను. అన్నీ కలిపి ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. విని చూసుకుంటే ఘోరంగా ఉంది. ఎందుకంటే శ్రుతి, అంటే గొంతు ఎత్తు. మగ గాయకుడు ఒకటో శ్రుతిలోనో ఒకటిన్నరలోనో పాడతాడు. ఆడవాళ్లు అంతకంటే పైన, ఐదు, ఐదున్నర. ఈయన ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ల శ్రుతికి తీగలు బిగించుకున్నాడు. అవన్నీ ఒకదాని వెంట ఒకటి అతికిస్తే, మెట్లు లేని ఇంట్లో మిద్దె మీంచి కిందికి దూకినట్టుంది. మళ్లీ అన్నీ విడదీసి, తక్కువ శ్రుతి నుంచి ఎక్కువ శ్రుతికి వరస పెట్టాను. శ్రుతి మారే ప్రతి చోటా అనౌన్సరు చేత రెండు మాటలు చెప్పించాను. అప్పుడు కుదిరింది. కింది శ్రుతిలో గంభీరంగా మొదలై, చివరికి సన్నగా పైకి వెళ్లేసరికి, ఒకే మనిషి ఇన్ని గొంతులతో ఎలా వాయించాడా అనిపించింది. ఇది మాత్రం మీరు తప్పక చేయండి.

నెల మాసికం నాటికి అది ప్రసారమైంది. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను, మెచ్చుకుంటారనే ఆశతోనే. వాళ్లావిడ కాఫీ ఇచ్చి కూర్చుంది. చాలాసేపటికి, ‘నడుమ పాట ఎందుకు తీసేశారన్నయ్యా? ఆయన పాట వినకుండా వాయించే మనిషి కాదు. జవాబులన్నీ వినిపించారు, అడిగిందేమిటో చెప్పలేదు’ అంది.

ఆమెకు సంగీతం రాదు. ఇంట్లో ముప్పై ఏళ్లు విన్నది, అంతే. నేను ముప్పై ఏళ్లు టేపుల మధ్య ఉండి ఆ మాట అనుకోలేకపోయాను. ఆయన్ను గొప్ప చేయాలని పక్కన ఉన్నవాళ్లందర్నీ కోసి పారేశాను. గాయకుడు ఎక్కడ ఆపాడో ఆ స్వరం దగ్గరే ఈయన అందుకునేవాడు. గాయకుడు ఒక సంగతి, అంటే అదే పాదాన్ని మార్చి పాడే వరస, సగంలో వదిలేస్తే దాన్ని తీసుకుని పూర్తి చేసేవాడు. ఆ అందుకోవడమే ఆయన విద్య. నా ఇరవై రెండు నిమిషాల్లో అది లేదు.

అందుకని మీ కార్యక్రమంలో వయొలిన్ ముక్కకు ముందు గాయకుడి చివరి పదిహేను సెకన్లు ఉంచమని గట్టిగా అడగండి. వీలైతే ఒక్కచోట స్వరకల్పన మొత్తం వేయమనండి, గాయకుడు ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు), మీవాడు ఒక ఆవర్తం. వినేవాడికి ఇంక ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు.

రేడియో వాళ్లకు ఉత్తరం ఎలా రాయాలో కూడా చెబుతాను. ఫోనులో తేలదు, నేరుగా వెళ్లి నిలబడినా తేలదు. కాగితం కావాలి. కేంద్రంలో కార్యక్రమాల అధిపతి పేరున రాయండి. మీవాడి పేరు, గ్రేడు, ఎన్నాళ్లు వాయించాడు, తేదీల జాబితా, ఒక్కో తేదీకి ఎదురుగా గాయకుడి పేరు. కాంట్రాక్టు కాగితాల నకళ్లు రెండు మూడు జతచేయండి. సంవత్సరీకం తేదీ స్పష్టంగా వేయండి. కనీసం నాలుగు నెలల ముందు అందాలి, వాళ్ల ప్రణాళికలు ముందే ఖరారవుతాయి. ‘మహా విద్వాంసుడు, ప్రభుత్వం గుర్తించలేదు’ లాంటివి రాయకండి. అలాంటి ఉత్తరాలు రోజుకు నాలుగు వస్తాయి. టేపు వెతకడానికి పనికొచ్చే ఉత్తరం ఏడాదికి ఒకటి వస్తుంది, అది వచ్చిన రోజు లైబ్రరీలో పండగ. మాట్లాడడానికి ముగ్గుర్ని సూచించండి. ఆయన ఎక్కువసార్లు పక్కన కూర్చున్న గాయకుడో గాయనో ఒకరు. శిష్యుడొకడు. మూడోది ఇంట్లోవాళ్లు. మీరు వద్దు. మీకు గొంతు పూడుకుపోతుంది, రికార్డింగు పాడవుతుంది. మీ వంతు బొమ్మలో చెప్పండి.

ఇక బొమ్మ. నేను కుంచె పట్టినవాణ్ని కాదు గాని అడిగారు కనక చెబుతాను.

మా స్నేహితుడికి ఊళ్లోవాళ్లు ఫ్లెక్సీ వేయించారు. ఫొటో స్టూడియో కుర్రాడు ఆయన లాల్చీ తీసేసి నల్ల కోటు తొడిగాడు, ముఖం తెల్లగా చేశాడు, వెనకాల తిరుమల కొండ పెట్టాడు. ఆయన పోస్టుకార్డు సైజు ఫొటోలో కూడా అంత అపరిచితుడిగా ఎప్పుడూ లేడు. మీ సన్మానం ఫొటోలూ అంతే. వాటిని చూసి గీయకండి.

వేదిక మీద మీవాడు ఎక్కడ కూర్చునేవాడో గుర్తు తెచ్చుకోండి. గాయకుడికి ఎడమ పక్కన, మృదంగం వైపు ముఖం పెట్టి. అంటే ఎదురుగా కూర్చున్న మనకు నలభై ఏళ్లూ కనపడింది ఆయన ఎడమ చెంప, ఎడమ చెవి, తీగల మీద ఎడమ చెయ్యి. కమాను పట్టిన కుడి చెయ్యి అవతలి వైపు. ఫిడేలు తల వచ్చి కుడి పాదం చీలమండ దగ్గర ఆనుతుంది. మన వాళ్లు తప్ప ప్రపంచంలో ఇంకెవరూ ఇలా వాయించరు, పాదం గీయడం మరిచిపోకండి. కళ్లు ఎక్కడున్నాయి? వాద్యం మీద ఉండవు, గాయకుడి నోటి వంక ఉంటాయి. కాబట్టి కాగితం నడిమధ్య ఆయన్ను ఒక్కణ్నీ కూర్చోబెట్టకండి. ఒక పక్కగా పెట్టి, ఇటు అంచున గాయకుడి మోకాలో, తాళం వేస్తున్న చెయ్యో సగం వదిలేయండి. ముఖం మీకు ఎలాగూ గుర్తుంటుంది. ఒళ్లు కుదరకపోతే శిష్యుణ్ని పిలిచి అదే ఫిడేలు ఇచ్చి కూర్చోబెట్టండి.

సంగీతం తెలిసిన చెయ్యి గీసిన బొమ్మ వేరేగా ఉంటుంది. ఎస్. రాజం గారు మద్రాసు ఆకాశవాణిలో పనిచేశారు, స్వయంగా గాయకుడు, వీణ బాలచందర్‌కు అన్నగారు. త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రి ముగ్గురూ ఉన్న బొమ్మ ప్రతి సంగీతం క్లాసులోనూ గోడకు ఉంటుంది కదా, అది ఆయన చేతిదే. అదేదో ఆ కాలం నుంచీ వస్తున్న బొమ్మ అనుకుంటాం. కాదు, గత శతాబ్దంలో మన రేడియో మనిషి ఒకాయన గీసింది. ఇప్పుడు త్యాగరాజు అనగానే మన కళ్లముందుకు వచ్చే ముఖం అదే అయిపోయింది. బొమ్మకు అంత బలం ఉంది, అందుకే కోటు తొడిగితే నాకు ఒళ్లు మండింది.

నిలువెత్తు బొమ్మ ఒక్కటి గీయాలన్న పట్టుదల మానుకుంటే ఒక మాట చెబుతాను. పిల్లలకు మీరు రెండు నిమిషాల స్కెచ్చులు నేర్పి ఉంటారు కదా. రేడియో వాళ్ల దగ్గర మీవాడి ఆలాపనల నకళ్లు దొరికాక, ఒక్కొక్కటి పెట్టుకుని, అది వినిపించినంతసేపే గీయండి. ఆగగానే పెన్సిలు కింద పెట్టేయండి. పన్నెండు ముక్కలుంటే పన్నెండు స్కెచ్చులు. కొన్ని పాడవుతాయి, ఉండనివ్వండి. ఒక్కోదాని కింద రాగం, తేదీ, గాయకుడి పేరు రాయండి. గోడకు తగిలించి, పక్కన పాత సెల్‌ఫోను ఒకటి, చెవులకు పెట్టుకునేది ఒకటి ఉంచండి. చూసేవాళ్లు ఆ రెండు నిమిషాలూ వింటూ ఆ బొమ్మ ముందు నిలబడతారు. ఈ పనికి కూడా రికార్డింగు వాడుకుంటామని అదే ఉత్తరంలో అనుమతి అడగండి, తర్వాత మాట రాకుండా.

మన వయొలిన్ అంటే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. పక్కన ఉన్న వాద్యాన్ని తెచ్చి నడుమ కూర్చోబెట్టి సోలో కచేరీలు చేసిన మనిషి. విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు, శతజయంతికి 1993లో తపాలా బిళ్ల వచ్చింది. నాయుడు గారికి కార్డు మీద పైన పేరుంది. మీవాడికి, మావాడికి లేదు. అందుకని ఒక్క కోరిక. కార్యక్రమం చివర పేర్లు చదివేటప్పుడు ముందు మీవాడి పేరు చదవమనండి. తర్వాత ‘గాత్ర సహకారం’ అని గాయకుల పేర్లు. గాయకులు ఏమీ అనుకోరు, నేను పూచీ.

తేదీ ఖరారైతే ఒక కార్డు ముక్క రాయండి.

ప్రశ్న: మా గురువుగారి ఇంటి కచేరీల క్యాసెట్లు పాతిక ఉన్నాయి. కొన్నింటికి బూజు పట్టింది. వేసి చూడనా?
– కాకినాడ

జవాబు: వద్దు. బూజు క్యాసెట్ వేస్తే అది మిషను హెడ్డుకు అంటుకుని తర్వాత వేసిన మంచి క్యాసెట్టును కూడా పాడుచేస్తుంది. బూజువి వేరే పెట్టెలో పెట్టి, పని తెలిసినవాడికి ఇవ్వండి. మంచివి ముందు మీరే కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. ఎంపీ3 చేసి సంతోషపడకండి, వేవ్ ఫైలుగా దాచండి. రెండు చోట్ల, రెండు ఇళ్లలో. క్యాసెట్టు మీద రాసి ఉన్న అట్టముక్క కూడా ఫొటో తీయండి, గురువుగారి చేతిరాత ఉంటే మరీ.

ప్రశ్న: చనిపోయిన మా మిత్రుడి రేడియో కచేరీలు ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్నవి నాకు దొరికాయి. యూట్యూబులో పెట్టవచ్చా? త్యాగరాజ కీర్తనలకు కాపీరైటు ఉండదు కదా?
– విజయనగరం

జవాబు: త్యాగరాజు 1847లో పోయారు, కీర్తనకు కాపీరైటు లేదు. రికార్డింగుకు ఉంది, అది రేడియోది. దానికి తోడు, పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ మన చట్టం ప్రకారం ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదలు 50 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే మీ మిత్రుడిది ఒక్కడిదే కాదు, గాయకుడిది, మృదంగం ఆయనది కూడా. అందరూ పెడుతున్నారు కదా అంటారు, నిజమే. కానీ మృదంగం ఆయన ఇంకా ఉన్నారేమో, వెళ్లి అడగండి. కాదనరు. పైగా ఆ కచేరీ ఏ సంవత్సరమో మీకు చెప్పేది ఆయనే. రేడియోకి కూడా ఒక ఉత్తరం రాయండి. వాళ్ల దగ్గర ఆ టేపు లేకపోతే మీదే వాళ్లకు కావలసి రావచ్చు.

ప్రశ్న: మా అన్నయ్య ఫిడేలు ఆయన జ్ఞాపకంగా అద్దాల పెట్టెలో పెట్టి హాల్లో ఉంచాం. ఇక్కడ చలికాలం హీటర్లు వేస్తాం, ఏమైనా అవుతుందా?
– డాలస్

జవాబు: అవుతుందమ్మా. పొడి వేడికి చెక్క బిగుసుకుని పగుళ్లిస్తుంది. హీటరుకు దూరంగా పెట్టండి, తేమ చూసుకోండి. తీగలు కాస్త సడలించండి గాని పూర్తిగా తీసేయకండి. తీస్తే తీగల కింద ఉండే గుర్రం (బ్రిడ్జి) పడిపోతుంది, లోపల నిలబెట్టిన చిన్న పుల్ల కూడా పడిపోవచ్చు. అసలు పెట్టెలో ఎందుకు? మీ ఊళ్లో మన పిల్లలు బోలెడుమంది నేర్చుకుంటున్నారు. ఒక అమ్మాయికి ఏడాది పాటు ఇచ్చి, అన్నయ్యగారి తిథి నాడు మీ ఇంట్లో ఒక గంట వాయించమనండి. కొత్త తీగల ఖర్చు మీరు పెట్టుకోండి.

ప్రశ్న: మా నాన్న నలభై ఏళ్లు బుర్రకథ దళంలో హాస్య వంత. పోయిన ఏడాది పోయారు. ఆయన కథలు ఒక్కటి కూడా రికార్డు కాలేదు. ఆయన దళంలో కథకుడు ఇంకా ఉన్నారు, ఎనభై నాలుగేళ్లు. ‘మీ నాన్న పేరున రేడియోలో ఏదన్నా చేయించరా’ అంటున్నారు. రికార్డే లేనప్పుడు ఏం చేయిస్తాం?
– సత్తెనపల్లి

జవాబు: మీ ఉత్తరమూ తెనాలి మాస్టారి ఉత్తరం లాంటిదే. బుర్రకథ అంటే జనం నాజర్ అంటారు, ఆయనకు 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది. తంబురా పట్టిన కథకుడి పేరు నిలుస్తుంది. అటూ ఇటూ డక్కీ వాయిస్తూ ‘తందాన తాన’ అన్న ఇద్దరి పేర్లూ పోతాయి. వంత లేకుండా కథ ఒక్క చరణం నడవదు.

పెద్ద రేడియో సంగతి తర్వాత. దగ్గర్లో కమ్యూనిటీ రేడియో ఏదైనా ఉందేమో వాకబు చేయండి. పది పదిహేను కిలోమీటర్ల మేర వినపడితే చాలు, మీ నాన్నగారి కథలు చూసినవాళ్లు ఉండేది ఆ పరిధిలోనే. జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియోను 2008 నుంచి పల్లె ఆడవాళ్లే నడుపుతున్నారు. ఊరి పాట, ఊరి మాట, ఊరి గొంతే. అలాంటి చోట గ్రేడు అడగరు.

కానీ దానికంటే ముందు ఈ వారంలోనే ఆ కథకుడి గారింటికి వెళ్లండి. ఎనభై నాలుగేళ్లు అంటున్నారు. ఫోను ఆయన నోటికి జానెడు దూరంలో పెట్టి, కథ ఎత్తుకోమనండి. వంత వచ్చే చోట ఆయన ఆగుతారు, అలవాటు అది. అప్పుడు మీరు మాట్లాడకండి, కాసేపు ఊరుకోండి. తర్వాత, మీ నాన్నగారు అక్కడ ఏమనేవారో కూడా ఆయన్నే అనమనండి. ఆ హాస్యం, ఆ విరుపు, ఎక్కడ జనం నవ్వేవాళ్లో అన్నీ ఆయనకు నోటికి వచ్చే ఉంటాయి. నలభై ఏళ్లు పక్కనుంచి విన్న మనిషి ఆయన ఒక్కడే.

రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపేయండి. ఇంకో ఫోను కూడా పెట్టండి.